కలబోతలో అమ్మ పోసిన రాగులు

రాయకోటలో ఒక ఎరువులు, పురుగుమందుల అంగట్లో నేను బిల్లు వేస్తాను. పదకొండేళ్ళయింది. మందు తీసుకునే ప్రతి రైతుకూ ఒకటే పాట పాడతాను. ఇంట్లో వాళ్ళకు చెప్పండి, పిల్లలకు అందకుండా పెట్టండి, మందు కలిపిన విత్తనం మిగిలితే గుంత తీసి పూడ్చండి, పొరపాటున కూడా వండుకోకండి. కొందరు నవ్వుతారు. "చెప్పిందే ఎన్నిసార్లు చెప్తావమ్మా" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. "నీ పెండ్లాం బిడ్డల కోసమే చెప్పేది, వింటే విను, లేకుంటే పో" అంటాను. నా నోరు మంచిది కాదని అంగడి ఓనరు కూడా ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. ఇంత నోరున్నదాన్ని, ఆ నాలుగు మాటలూ మా అమ్మకు చెప్పలేదు.

మా అమ్మ ఉండేది అంచెట్టి దిక్కు కొండల్లో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆ ఊళ్ళో రాగులు నూర్చి, గడ్డి వామి వేసి, కళ్ళాలు ఊడ్చేశాక వచ్చే మొదటి సోమవారం కలబోత పండగ చేస్తారు. పక్క ఊరివాళ్ళకే సరిగా తెలియదు, మీరు వినలేదంటే తప్పేమీ లేదు. ఊరి బయట కళ్ళం చేసే పెద్ద బండ ఉంది. ఆ బండ మీదే బండమ్మ అని మొక్కే ఒక రాయి. దాని ముందర గొర్రెలవాళ్ళ ఇంటి నల్ల కంబళి పరిచి, దాని మీద ఇంకో కంబళి కప్పుతారు. పంట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ బుట్టకు గుడ్డ కప్పుకొని వచ్చి, చేతులు పై కంబళి కిందికి దూర్చి రాగులు పోస్తారు. ఎవరు ఎంత పోసినదీ కంటికి కనపడకూడదు. బండెడు పండించినవాడు ఒకే ఒక్క పడి కొలిచి పోసినా అడిగేవాడు లేడు. ఒక్క పడి పండించినవాడు ఆ పడీ పోసేసినా మెచ్చుకునేవాడు లేడు. ఒకటే కట్టుబాటు, సొంత చేలో పండినవై ఉండాలి. అంగట్లో కొన్నవి పనికిరావు.

అందరూ పోశాక పూజ చేసే పెద్దాయన పై కంబళి తీసి, రాశిని చేతులతో బాగా కలుపుతాడు. తరువాత పంచడం మొదలవుతుంది. ఆ ఏడు పంట దక్కని ఇంటివాళ్ళు, భూమి లేనివాళ్ళు, కొండ మీదినుంచి దిగివచ్చే గొర్రెల కాపర్లు బండకు తూర్పు పక్కన కొంగులూ తువ్వాళ్ళూ పరుచుకొని కూర్చుంటారు. ముందు వాళ్ళకు కడుపునిండా పోసి, తరువాత ఇంటికో పడి అందరికీ పంచుతారు. పంచినదాన్ని ఎవరూ వద్దనకూడదు. కడపట మిగిలినవి ఆ బండ మీదే తిరగళ్ళలో విసిరి, సంగటి కెలికి, ఊరంతా ఒకే బానలోది తింటారు.

మా అమ్మ ఏనాడూ తూర్పు పక్కన కూర్చోలేదు. మా నాన్న పోయిన ఏడు కూడా మైల తీరగానే బుట్ట ఎత్తుకుంది. ఆమె గుణమే అంత. మజ్జిగో, నాలుగు పచ్చిమిరపకాయలో, గుప్పెడు కూరాకో చేతిలో పెట్టకుండా ఇంటికొచ్చినవాళ్ళను పంపదు. నేను పోతే సరేసరి, తిరిగొచ్చేటప్పుడు నా బ్యాగు మోయలేక బస్సు కండక్టరు చేత మాటలు పడాల్సిందే. "నీకేమి మిగులుతుందమ్మా" అని నేను కసురుకుంటే, "నాకెందుకే మిగలల్ల?" అనేది. ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూడాలి, పదేళ్ళు తగ్గిపోయేది.

పోయిన ఏడు మా చేనును ఏనుగులు తినేశాయి. అడవికి ఆనుకున్న చేను మాదొక్కటే. కోతకు ఇంకో వారం ఉందనగా దిగాయి. తెల్లారి అమ్మ ఫోను చేసి, "పాపా, చేను లేదు" అంది. అంతే అంది. నాకు ఏనుగుల మీద కోపం, అడవి మీద కోపం, ఆ కొండల్లోనే పాతుకుపోయిన అమ్మ మీద కోపం. అన్నింటినీ కలిపి అమ్మ మీదే అరిచేశాను. ఆమె అంతా విని, "అవి కూడా తినల్ల కదా" అని ఫోను పెట్టేసింది. తొక్కుడు పడిన చేలో మూడు రోజులు వంగి వెన్నులు ఏరిందట. కోళ్ళకు కూడా చాలవు.

పండగ దగ్గరపడేకొద్దీ నాకు ఒకటే బెంగ పట్టుకుంది. ఆ ఏడు అమ్మ తూర్పు పక్కన కూర్చోవాలి. కూర్చుంటే ఎవరూ తక్కువగా చూడరు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు కూర్చున్నవాళ్ళే. కానీ అమ్మ సంగతి నాకు తెలుసు, కొంగు పట్టిందంటే సగం చచ్చిపోతుంది. అందుకని సంతలో ఐదు కిలోల రాగులు కొని, బ్యాగులో అడుగున పెట్టుకొని పొద్దున బస్సుకే పోయాను.

అమ్మ తలస్నానం చేసి, గంధం రంగు చీర కట్టుకొని, గడపకు పసుపు రాస్తా ఉంది. నేను బ్యాగు విప్పి మూట బయటపెట్టాను.

"ఇదేమి పాపా?"

"రాగులు. పోసేదానికి తెచ్చినాను."

"యాడివి?"

"సంతలో కొన్నాను."

అమ్మ మూటను మళ్ళీ నా బ్యాగులోకే తోసేసింది. "కొన్నవి పోయకూడదని నీకు తెలీదా? ఎత్తుకొని పోయి నీ పిల్లోళ్ళకు రొట్టెలు చేసిపెట్టు."

"కంబళి కింద పోసేది ఎవరికి కనపడుతుందిమ్మా?"

"నాకు కనపడదా?" అంది. తరువాత దాచుకోలేని నవ్వొకటి నవ్వి, "నువ్వేమీ దిగులుపడాకు. మన చేనివే పోస్తా ఉండాను. గమ్మున రా" అంది.

అప్పటికే మూలన బుట్ట ఉంది, మీద తెల్లగుడ్డ కట్టి ఉంది. ఏరుకొచ్చిన వెన్నులే నూర్చి పోగుచేసుకుంది కాబోలు అనుకున్నాను. నా ప్రాణం కుదుటపడింది. మందు కొనడానికి వచ్చినవాణ్ణి ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఎన్ని రోజుల పైరు అని పది ప్రశ్నలు వేసేదాన్ని, ఆ బుట్ట గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

బండ దగ్గర జనం నిండిపోయారు. పెద్దాయన పలకరించాడు, అమ్మ తన వంతు వచ్చినప్పుడు కంబళి కింద చేతులు దూర్చి నిదానంగా పోసింది. బుట్ట దులిపింది కూడా. లేచి నిలబడేటప్పుడు నా దిక్కు చూసింది. నాకు చిన్నప్పటి అమ్మ కనపడింది. పొద్దెక్కేసరికి రాశి కలిపారు, తూర్పు పక్కవాళ్ళకూ, తరువాత ఇంటింటికీ పంచారు. కొండ మీద మందను వదిలి వచ్చిన గొర్రెలవాళ్ళు నలుగురు, ఎండ ముదరకముందే పోవాలని తమ మూటలు కట్టుకొని బయలుదేరారు. ఆడవాళ్ళం తిరగళ్ళ దగ్గర కూర్చున్నాం. ఒక తిరగలికి నేనూ అమ్మా ఎదురెదురుగా కూర్చొని, ఒకే కొయ్యను ఇద్దరం పట్టుకొని విసురుతున్నాం. పిండి చుట్టూ రాలుతోంది. ఎన్నాళ్ళకో అమ్మతో అట్లా కూర్చున్నానని నాకు సంతోషంగా ఉంది.

"ఎన్ని దొరికినాయమ్మా చేలో?" అన్నాను ఊరికే.

"చేలో యాడ దొరికినాయి, అరసేరు కూడా లేదు" అంది విసురుతూనే. తరువాత ముందుకు వంగి, గొంతు తగ్గించింది. "నువ్వు వేరేగా పెట్టమన్నావే, డబ్బాలో విత్తనాలు. పోయిన పంటవి, మన చేనివే కదా. పడిన్నర ఉండె. అంతా పోసేసినాను. విత్తేదానికి మళ్ళీ ఎవరైనా ఇస్తారులే."

నా చెయ్యి ఆగిపోయింది.

ఆ విత్తనాలకు మందు కలిపింది నేనే. ఆషాఢంలో విత్తే రోజు వచ్చాను. చీమలూ పురుగులూ పట్టి మొలక పోతోందని అమ్మ ఫోనులో అని ఉంటే, అంగట్లోంచి పొడి తెచ్చి కలిపాను. అమ్మ అప్పుడు ఆవును తోలుకొని పోయి ఉంది. ఆ పొడికి పెద్ద రంగు లేదు, రాగుల మీద కనపడదు. గొర్రు తోలే ఆయన విత్తి, మిగిలినవి తెచ్చిచ్చాడు. నేను వాటిని డబ్బాలో పోసి మూత పెట్టేసరికి బస్సు హారను కొట్టింది. పరుగెత్తుతూ, ఎదురొస్తున్న అమ్మతో, "ఆ డబ్బాలోవి వేరేగా పెట్టమ్మా" అని కేకేశాను. ఎందుకు వేరేగా పెట్టాలో చెప్పలేదు. ఆ రాత్రి ఫోనులో చెప్పొచ్చు, మరునాడు చెప్పొచ్చు. మరిచేపోయాను. విత్తనం జాగ్రత్త చేయమంటున్నానని అమ్మ అనుకుంది. ఎవరైనా అట్లానే అనుకుంటారు.

"ఏమి పాపా, చెయ్యి నొప్పా?" అంది అమ్మ.

అబద్ధం చెప్పను. ఒక్క నిమిషం నోరు మూసుకుందామనే అనుకున్నాను. ఊరంతటి రాశిలో పడిన్నర. కలిపి ఆర్నెల్లయింది. ఏమీ కాకపోవచ్చు. నలుగురికి కడుపులో తిప్పి అంతటితో పోవచ్చు. ఏమవుతుందో అంగట్లో పదకొండేళ్ళు కూర్చున్న నాకే తెలియదు. చెప్తే మాత్రం ఏమవుతుందో బాగా తెలుసు. ఇంతలో పక్క తిరగలి దగ్గర ఒకామె, కొత్త పిండి మంచిదని, చిటికెడు తీసి చంకలో బిడ్డ నాలుకకు రాసింది. నేను లేచి దగ్గరికి పోయి ఆ బిడ్డ నోట్లో వేలు పెట్టి తుడిచేశాను. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అందరూ నన్నే చూశారు. నేరుగా పెద్దాయన దగ్గరికి పోయి, చెవిలో చెప్పాను. రాశిలో మందు తగిలిన గింజలు పడ్డాయి, ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఎవరు పోశారని అడగలేదు. అడగకూడదు కదా. లేచి నిలబడి గట్టిగా చెప్పాడు. "తిరగళ్ళు ఆపండమ్మా. రాశిలో మందు గింజ పడింది. ఎవరూ ఒక గింజ కూడా తినాకండి."

బండ మీద గుసగుసలు మొదలయ్యాయి. ఎవరు, ఎవరని. ఊళ్ళో అందరికంటే ఎక్కువ మందులు కొట్టేది టమాటా వేసే ఒకాయన. కళ్ళన్నీ ఆయన మీదికి పోయాయి. "నీ ఇంట్లో సీసాలు లేని మూల లేదు, చేతులు కడుక్కోకుండా పోసినావా ఏమి?" అని ఒకాయన అనేశాడు. టమాటా ఆయన బండమ్మ రాయి మీద చెయ్యి వేసి, "నా బిడ్డల మీద ఒట్టు, నేను కాదప్పా" అన్నాడు. మంచి మనిషి ఆయన.

నేను చెప్పేలోపలే అమ్మ లేచింది. పిండి చేతులతోనే నడిచొచ్చి అందరి మధ్య నిలబడింది. అప్పటికి ఆమెకు విషయం అర్థమైపోయింది.

"ఆయప్ప కాదు. నేనే పోసినాను" అంది.

"అమ్మకు తెలీదు, కలిపింది నేను, నేను చెప్పలేదు" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు. అందరూ అమ్మనే చూస్తున్నారు. ఆమె పంట పోయిందని ఊరందరికీ తెలుసు. పోసింది యాడివో, ఎందుకు పోసిందో కూడా ఆ చూపుల్లో తెలిసిపోయింది. కంబళి కింద దాగాల్సిందంతా ఎండలో పడింది.

తరువాత చేయాల్సినవన్నీ నేనే చెప్పాల్సి వచ్చింది. నీళ్ళు పారే వంకకు దూరంగా గుంత తీయండి. పిండి, రాశి, పంచినవి అన్నీ తెచ్చి అందులో పోయండి. ఆవులకూ కోళ్ళకూ వేయొద్దు. తిరగళ్ళు కడగండి. అంగట్లో పాడే పాట అంతా ఆ బండ మీద పాడాను. ఒక్కరూ నవ్వలేదు. కంబళ్ళు ఏం చేయాలని అడిగితే, నాకు తెలియక, వాడకపోవడం మంచిదన్నాను. సొంత గొర్రెల ఉన్నితో నేసుకున్న కంబళ్ళవి. వాటినీ గుంతలో వేసేశారు.

కొండెక్కిపోయిన గొర్రెలవాళ్ళ వెనక ఇద్దరు బండి మీద దారి ఉన్నంతవరకు పోయి, అక్కణ్ణుంచి నడిచి, వాళ్ళను తిరిగి తీసుకొచ్చారు. ఆ నలుగురిలో ఒక ముసలామె ఉంది. ఎండలో అంత దూరం ఎక్కి, మళ్ళీ దిగి వచ్చింది. ఏమైందో చెప్తే విని, మూట విప్పి గుంతలో వంచేసింది. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుంది. ఎవరైనా ఒక మాట అంటారేమో, నేను వాళ్ళ మీదికి పోయి పోట్లాడతానేమో అని కాచుకొని ఉన్నాను. నా నోటికి పని దొరకలేదు.

మధ్యాహ్నం దాటింది. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది. అప్పుడు పెద్దాయన అన్నాడు. "బండమ్మ ముందర వట్టి చేతులతో లేచి పోకూడదు. అందరూ ఇండ్లకు పోయి, ఉండేది తీసుకొని రాండి." జనం పోయి మళ్ళీ వచ్చారు. ఈసారి బుట్టలు చిన్నవి, కొందరివి చేటలు. పరవడానికి ఎవరిదో దుప్పటి తెచ్చారు. రెండోసారి పోశారు. అమ్మ ఒక పక్కన నిలబడి ఉంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. రెండోసారి పోయడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చాడు. మెల్లిగానే చెప్పాడు. "నువ్వు ఆ పక్కకు పోయి కూర్చోమ్మా. ఈ ఏడు పంట పోయింది నీ ఒక్కదానిదే."

నేను అడ్డం పోబోయాను. అమ్మ నన్ను చేత్తో ఆపి, పోయి తూర్పు పక్కన కడపటి మనిషి తరువాత కూర్చుంది. పడి నిండా రాగులు తీసుకొని పంచేవాళ్ళు వరసలో మొదటి మనిషి దగ్గర ఆగారు. ఆ మొదటి మనిషి ఇందాకటి ముసలామె. ఆమె తన తువ్వాలు పక్కకు లాక్కుంది.

"నాకు తరువాత. ముందు ఆ చెల్లెలికి పోయండప్పా, చేను పోగొట్టుకున్న మనిషి" అంది.

అందరూ సరే అన్నారు. ప్రేమగానే అన్నారు. టమాటా ఆయనే పడి పట్టుకొని వచ్చాడు. వద్దనకూడదు కాబట్టి అమ్మ కొంగు పట్టింది. ఒక పడి, రెండు, మూడు. కొంగు జారిపోతుంటే పక్కనున్నవాళ్ళు అంచు పట్టుకున్నారు. అమ్మ తల ఎత్తలేదు. ఆమె కొంగులో పడిన ప్రతి పడీ మంచి మనసుతో పోసిందే. నేను ఎవరి మీద కోప్పడాలి? ఊరికే నిలబడి చూశాను. నా పుట్టుకలో అంత చేతకానితనం నేనెప్పుడూ ఎరగను.

సాయంత్రం ఇంట్లో అమ్మ ఆ రాగుల్ని కుండలో పోసింది. "తిట్టి ఉంటే బాగుండె" అంది.

"నన్ను తిట్టమ్మా. తప్పు నాది" అన్నాను.

"నిన్నేమని తిట్టేది? నువ్వు మేలుకే కదా కలిపినావు" అంది. నాకు ఏడుపు కూడా రాలేదు. బస్సు టైము అయిందని బయలుదేరాను. ఎక్కేదాకా నా వెనకే వచ్చింది, కానీ ఆ రోజు నా బ్యాగులో ఏమీ పెట్టలేదు. బరువు లేని బ్యాగుతో ఆ ఊరి నుంచి రావడం నాకు అదే మొదలు.

ఊరు మరిచిపోయింది. నిజంగానే మరిచిపోయింది, అట్లాంటి ఊరది. విత్తే కాలానికి నలుగురు తలా కొంచెం విత్తనాలు తెచ్చిచ్చారు. మజ్జిగకు వచ్చేవాళ్ళు మళ్ళీ మామూలుగానే వస్తున్నారు. అమ్మే మారింది. చెయ్యి ముందుకు చాచబోయి ఆపుకుంటుంది. ఏమిచ్చేదానికైనా ముందు నాకు ఫోను చేస్తుంది. కరివేపాకు ఇయ్యొచ్చా, చింతపండు ఇయ్యొచ్చా అని. మొదట్లో కసురుకున్నాను. తరువాత కసరడానికి కూడా నోరు రాలేదు.

పోయిన వారం మళ్ళీ చేసింది. నేను ఇంట్లో బట్టలు ఆరేస్తున్నాను.

"పాపా, గుమ్మడికాయ ఒకటి కాసింది. పెద్దది. పక్కింటి కోడలు అడిగింది, ఆ పిల్ల ఇప్పుడు వట్టి మనిషి కాదు. ఇయ్యొచ్చా?"

"ఇవ్వమ్మా. దానికి నేనేమీ కొట్టలేదు."

"బాగా గుర్తు చేసుకొని చెప్పు."

"లేదమ్మా, నేనా పాదు దగ్గరికే పోలేదు."

"అయితే ఒక పని చేస్తా" అంది అమ్మ. "సగం కోసి ఈపొద్దు నేను వండుకొని తింటాను. రేప్పొద్దునకు నాకేమీ కాకుంటే, మిగిలిన సగం ఆ పిల్లకు ఇస్తాను."